శంషాబాద్ పక్కనే ఉన్నా బేస్ కలకత్తాలో ఎందుకు? కొత్త పైలట్లకు ‘హోమ్ బేస్’ ఎలా వస్తుందంటే

మా అక్కవాళ్ళది జడ్చర్ల. 44వ నంబర్ హైవే ఎక్కితే శంషాబాద్ ఎయిర్‌పోర్టు గంట, గంటంబావు దూరం. మా మేనకోడలికి ఒక ఎయిర్‌లైన్‌లో కో-పైలట్ ఉద్యోగం వచ్చింది. ట్రైనింగ్ సగం దాటాక ఒక సాయంత్రం కంపెనీ మెయిల్ వచ్చింది. అందులో ‘హోమ్ బేస్’ అన్న గడి ఎదురుగా ‘కోల్‌కతా’ అని ఉంది. అంతకు ముందు కంపెనీ వాళ్ళు మూడు ఊళ్ళు రాసిమ్మంటే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అని వరుసగా రాసిచ్చిన పిల్ల.

రాత్రి అక్క ఫోన్ చేసింది. “తమ్మీ, పక్కకే శంషాబాద్ పెట్టుకొని పిల్ల కలకత్తకు పోవుడేంది? ఎవరితోనన్న చెప్పిద్దామా?”

అక్క అడిగిన దాంట్లో తప్పేం లేదు. మన పాలమూరులో, నల్లగొండలో ఉద్యోగమంటే దాని వెనకాలే పోస్టింగు, బదిలీ, కౌన్సెలింగు అన్న మాటలుంటాయి. 2021 డిసెంబర్‌లో జీవో 317 వచ్చినప్పుడు సీనియారిటీ లెక్కన టీచర్లను కొత్త జిల్లాలకు పంచితే, జూనియర్లు ఎంతమంది సొంత జిల్లా వదిలిపోయారో ప్రతి ఊళ్ళో చెప్తారు. భార్య ఒక జిల్లాలో, భర్త ఇంకో జిల్లాలో పడ్డ ఇళ్ళు మా బంధువుల్లోనే ఉన్నాయి. ఆ అనుభవం ఉన్నవాళ్ళకి పైలట్ల బేస్ సంగతి సగం తెలిసినట్టే. మిగతా సగం విమానాల లెక్క. ఈ మధ్య మన వైపు పిల్లలు ఈ చదువుకి బాగానే పోతున్నారు. ఇళ్ళల్లో అప్పులు కూడా ఆ స్థాయిలోనే ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హోమ్ బేస్‌లో ‘హోమ్’ అని ఉందిగానీ దానికి మన ఇంటితో సంబంధం లేదు. పౌర విమానయాన శాఖ కింద పనిచేసే డీజీసీఏ నిబంధనల్లో దీనికి స్పష్టమైన అర్థం ఉంది. పైలట్‌కి కంపెనీ నిర్ణయించిన చోటు అది. డ్యూటీ మామూలుగా అక్కడే మొదలవుతుంది, అక్కడే ముగుస్తుంది. మామూలు పరిస్థితుల్లో అక్కడ బస చూపించే బాధ్యత కంపెనీది కాదు. ఇంట్లో వాళ్ళకి తగిలేది ఈ చివరి ముక్కే. బేస్ కాని ఊళ్ళో రాత్రి ఆగాల్సి వస్తే హోటలు, బండి, భత్యం అన్నీ కంపెనీ చూసుకుంటుంది. బేస్‌లో మాత్రం ఇంటి అద్దె, కరెంటు బిల్లు, తిండి మనమే చూసుకోవాలి.

ఆర్టీసీ డిపో గుర్తు తెచ్చుకుంటే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. నారాయణపేట డిపో డ్రైవర్ పొద్దున డిపోలోనే బండి తీస్తాడు, మళ్ళీ డిపోకే తెస్తాడు. మధ్యలో ఏదో ఊళ్ళో నైట్ హాల్ట్ పడితే ఆ రాత్రి అక్కడ పడుకుంటాడు. కానీ ఆయన డిపో నారాయణపేటే. పైలట్‌కి కూడా అంతే. రోజుకి నాలుగు ఊళ్ళు తిరిగినా, రెండు రాత్రులు బయట గడిపినా, ఆ చుట్టు బేస్‌లో మొదలై బేస్‌లోనే పూర్తవుతుంది. అలాంటి ఒక్కో చుట్టుని ‘పెయిరింగ్’ అంటారు. నెల రోస్టర్ అంటే ఈ పెయిరింగులు, స్టాండ్‌బై రోజులు, సెలవు రోజులు కలిపి అల్లిన జాబితా.

మరి ఏ బేస్‌కి ఎంతమంది కావాలో ఎలా తేలుతుంది? రాత్రిపూట అక్కడ ఎన్ని విమానాలు ఆగి, తెల్లారగట్ల బయల్దేరతాయి అన్నదాన్ని బట్టి. చిన్న లెక్క చేద్దాం. ఒక విమానం రోజుకి పన్నెండు గంటలు గాల్లో ఉందనుకుందాం. ఏడాదికి 4,380 గంటలు. ఒక పైలట్ ఏడాదిలో 1,000 గంటలకు మించి నడపకూడదని నిబంధన. అంటే ఎంత పిసినారిగా లెక్క కట్టినా ఒక్క విమానానికి ఐదుగురు కెప్టెన్లు, ఐదుగురు కో-పైలట్లు కావాలి. పైన సెలవులు, జ్వరాలు, సిమ్యులేటర్ (నేల మీదే విమానంలా పనిచేసే యంత్రం) పరీక్షలు, ఎవరైనా రాకపోతే పిలవడానికి స్టాండ్‌బైలో ఉంచేవాళ్ళు. ఇవన్నీ కలిస్తే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఒక ఊళ్ళో పది విమానాలు రాత్రి ఆగుతుంటే అక్కడ కో-పైలట్లే యాభై మందికి పైగా ఉండాలన్నమాట. వాళ్ళని వేరే ఊళ్ళో పెట్టుకుంటే ప్రతి డ్యూటీకి వాళ్ళని ప్రయాణికుల సీట్లో కూర్చోబెట్టి తీసుకురావాలి, హోటల్లో పడుకోబెట్టాలి. ఆ సీటు అమ్ముకుంటే డబ్బులొస్తాయి కాబట్టి ఏ కంపెనీ అయినా పైలట్లని విమానాలున్న చోటే ఉంచాలని చూస్తుంది.

విశ్రాంతి నిబంధనలు మారితే ఈ లెక్క కూడా మారుతుంది. 2025 జూలై నుంచి పైలట్లకు వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకి పెరిగింది. అదే ఏడాది నవంబర్ నుంచి రాత్రి ల్యాండింగుల మీద కూడా పరిమితి బిగిసింది. అంతవరకు రాత్రి డ్యూటీలో ఆరు దాకా చేయగలిగిన పైలట్ ఇక రెండే చేయాలి. డిసెంబర్‌లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు ఈ కొత్త లెక్కకు సరిపడా పైలట్లని ముందే సిద్ధం చేసుకోలేదన్నదే పెద్ద విమర్శ. కొన్ని నిబంధనల నుంచి డీజీసీఏ తాత్కాలికంగా సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. కొత్త పైలట్‌కి దీంతో పనేమిటంటే, రాత్రి విమానాలు ఎక్కువున్న బేస్‌లో మనుషుల అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ నెలలో ట్రైనింగ్ పూర్తి చేసుకున్న బ్యాచ్ అటే పోతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికొద్దాం. బేస్ ఖరారు కావాలంటే మూడు కలవాలి: విమానం రకం, సీటు, ఆ తేదీకి ఉన్న ఖాళీ.

విమానం రకం అంటే, పైలట్ లైసెన్సు ఉన్నంత మాత్రాన అన్ని విమానాలూ నడపలేరు. ఒక్కో రకానికి విడిగా శిక్షణ తీసుకుని టైప్ రేటింగ్ తెచ్చుకోవాలి. ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ ఉన్నవాళ్ళకి ఏ320లు ఆగే బేస్‌లే వస్తాయి. రెండు రెక్కలకీ పంకాలుండే చిన్న ఏటీఆర్ విమానాలకి బేస్‌లు వేరుగా ఉంటాయి. ఇండిగో తన మొదటి ఏటీఆర్‌ని 2017 డిసెంబర్‌లో హైదరాబాద్ నుంచే మొదలుపెట్టింది. ఖండాలు దాటే పెద్ద విమానాలైతే మన దేశంలో ఎక్కువగా ఢిల్లీ, ముంబై చుట్టూ ఉంటాయి. కాబట్టి ఏ విమానం మీద శిక్షణ అన్నది తేలినప్పుడే ఏయే ఊళ్ళు దొరకవో సగం తేలిపోతుంది. ఆ ఎంపిక కూడా చాలాసార్లు కంపెనీదే.

సీటు అంటే ఎడమ సీటా, కుడి సీటా అని. కెప్టెన్ ఎడమవైపు, కో-పైలట్ కుడివైపు. హైదరాబాద్‌లో పది ఖాళీలున్నాయని వింటాం, తీరా చూస్తే పదీ కెప్టెన్లవే. ఇంకో సంగతి కూడా ఉంది. కొత్తగా కెప్టెన్ అయినవాళ్ళని, కొత్తగా చేరిన కో-పైలట్‌ని ఒకే విమానంలో జత చేయకూడదు. అందువల్ల ఒకే బేస్‌లో కొత్తవాళ్ళందర్నీ కుమ్మరిస్తే జతలు కుదరవు. అనుభవం ఉన్న కెప్టెన్లు తగినంతమంది ఉన్న చోట్లకి చూసి సర్దుతారు.

ఇక మూడోది ఖాళీ. మా అక్కకి చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టింది ఇక్కడే. హైదరాబాద్‌లో ఒక కో-పైలట్ కెప్టెన్ అయ్యి వేరే ఊరు పోయాడనుకోండి. ఖాళీ పుట్టింది హైదరాబాద్‌లోనే. కానీ రెండేళ్ళుగా ఢిల్లీలో ఉంటూ హైదరాబాద్ కోసం దరఖాస్తు పెట్టుకుని కూర్చున్న వరంగల్ అబ్బాయి ఒకడుంటాడు. కలకత్తాలో ఉంటూ ఢిల్లీకి మారాలని అడుగుతున్న హర్యానా అమ్మాయి ఒకతె ఉంటుంది. వరంగల్ అబ్బాయి హైదరాబాద్ వస్తాడు, హర్యానా అమ్మాయి ఢిల్లీ పోతుంది. చివరికి మిగిలిన ఖాళీ కలకత్తాది. కొత్త బ్యాచ్ ముందుకొచ్చేది అదే. ఖాళీ మన ఇంటి పక్కన పుట్టినా, ఒక్కో మెట్టు దిగుతూ మన దాకా వచ్చేసరికి ఎవరూ కోరుకోని ఊరు మిగులుతుంది. మా మేనకోడలిని కావాలని ఎవరూ దూరం పంపలేదు. ఆమెకన్నా ముందు లైన్లో ఉన్నవాళ్ళు ఒక్కో అడుగు ఇంటి వైపు జరిగారు, అంతే.

ఇది అన్ని కంపెనీల్లో ఒకేలా ఉండదు. మన దేశంలో ఎక్కువగా ఇష్టాలు అడుగుతారు, నిర్ణయం మాత్రం కంపెనీ చేతిలోనే ఉంటుంది. చేరిన తేదీకి విలువ ఉంటుందిగానీ కంపెనీ అవసరం దాన్ని దాటేస్తుంది. అమెరికాలో అలా కాదు. అక్కడి పెద్ద ఎయిర్‌లైన్లలో ప్రతి పైలట్‌కీ ఒక సీనియారిటీ నంబర్ ఉంటుంది. యూనియన్‌తో ఒప్పందం ఉంటుంది కాబట్టి బేస్, విమానం, సెలవులు, ఏ నెలలో ఏ చుట్లు తిరగాలి, అన్నీ ఆ నంబర్ వరుసలోనే దక్కుతాయి. మరి ఒకే రోజు చేరిన ముప్పై మందిలో ఎవరు ముందు? కొన్ని కంపెనీల్లో వయసులో పెద్దవాళ్ళు ముందు, కొన్నిటిలో మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి అంకెలు చూస్తారు. ఆ చిన్న తేడా వాళ్ళని ఉద్యోగ జీవితమంతా వెంటాడుతుంది. గల్ఫ్‌లో ఈ గొడవే లేదు. ఎమిరేట్స్‌లో చేరితే దుబాయ్, ఖతార్ ఎయిర్‌వేస్‌లో చేరితే దోహా. యూరప్‌లో ర్యాన్‌ఎయిర్ లాంటి కంపెనీకి దేశదేశాల్లో పదుల కొద్దీ బేస్‌లున్నాయి, కొత్తవాళ్ళు ఏది చెప్తే అది అన్నట్టు పోవాల్సిందే.

సీనియారిటీ కంపెనీ మారితే మనతో రాదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. ఏళ్ళ తరబడి కష్టపడి సొంత ఊరి బేస్ తెచ్చుకున్నవాళ్ళు కూడా కొత్త కంపెనీలో మళ్ళీ లైన్ చివర నిలబడాల్సి వచ్చింది.

ఇళ్ళల్లో ఇంకో గందరగోళం ఉంటుంది. ‘బేస్ ట్రైనింగ్ ఫలానా ఊళ్ళో’ అని పిల్లలు ఫోన్లో చెప్తే పెద్దవాళ్ళు అదే పోస్టింగ్ అనుకుంటారు. రెండూ వేరు. సిమ్యులేటర్ అయ్యాక నిజం విమానాన్ని ప్రయాణికులు లేకుండా పైకి లేపి దింపుతూ చేసే సాధనని బేస్ ట్రైనింగ్ అంటారు. ఏ ఊళ్ళో రన్‌వే ఖాళీగా దొరికితే అక్కడ జరుగుతుంది. ఆ తర్వాత ప్రయాణికులున్న విమానాల్లో, శిక్షణ ఇచ్చే కెప్టెన్ పక్కన కూర్చుని కొన్నాళ్ళు నడపాలి. ఆ కెప్టెన్లు ఎక్కడ అందుబాటులో ఉంటే అక్కడికి పోవాలి. ఈ రోజులన్నీ సూట్‌కేసు మీదే గడుస్తాయి. చివర్లో రిలీజ్ చెక్ అనే పరీక్ష పాసైతేనే పూర్తి స్థాయి కో-పైలట్. మెయిల్లో బేస్ ముందే వచ్చినా, అప్పటిదాకా అక్కడ ఇల్లు అద్దెకి తీసుకోవద్దని నేను గట్టిగా చెప్తాను. మా వాళ్ళకి తెలిసిన ఒక అబ్బాయి రెండు నెలల అడ్వాన్సు కట్టి ఇల్లు తీసుకున్నాడు, రిలీజ్ అయ్యేలోపే బేస్ మారింది, అడ్వాన్సు తిరిగి రాలేదు.

విమానం నడపడం ఎక్కడ నేర్చుకున్నారన్నది కూడా లెక్కలోకి రాదు. సాగర్ డ్యామ్ దాటి విజయపురి సౌత్‌లో రన్‌వే ఉంది, అక్కడ ఫ్లయింగ్ స్కూలు నడిచింది. పెద్దవూర, హాలియా వైపు వాళ్ళకి తల మీద తిరిగే చిన్న సెస్నా విమానాలు పరిచయమే. ఆ రన్‌వే మీద నేర్చుకున్నా, బేగంపేటలో నేర్చుకున్నా, అమెరికా పోయి నేర్చుకున్నా, లైసెన్సుకి కావాల్సిన 200 గంటలు పూర్తయ్యాక బేస్ విషయంలో అందరూ ఒకటే. పరీక్షల్లో మార్కులు కూడా ఉద్యోగం దాకానే పనికొస్తాయి.

పైరవీ సంగతి అక్క అడిగింది కాబట్టి చెప్తున్నాను. రోస్టర్లు కంప్యూటర్ తయారుచేసేవి, బదిలీ జాబితా చాలా కంపెనీల్లో అందరికీ కనిపించేది. అందులో ఒకర్ని ముందుకు జరిపితే వెనకాల వందమందికి తెలిసిపోతుంది. అడిగే దారులు వేరే ఉన్నాయి. చేరగానే బదిలీ దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే వరుస ఆ తేదీ నుంచే మొదలవుతుంది. కొన్నిచోట్ల పరస్పర మార్పిడి ఒప్పుకుంటారు: అదే విమానం, అదే సీటు ఉన్న కలకత్తా పిల్ల ఎవరైనా హైదరాబాద్‌లో ఉండి ఇంటికి పోవాలనుకుంటే ఇద్దరూ కలిసి రాసిస్తారు. భార్యాభర్తలిద్దరూ అదే కంపెనీలో ఉన్నా, ఇంట్లో తీవ్రమైన అనారోగ్యం ఉన్నా విడిగా పరిశీలిస్తారు. కోపంతో ఉద్యోగం వదిలేసి ఇంకో కంపెనీకి పోదామనుకోవడం మాత్రం అంత తేలిక కాదు. 2017 నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందే నోటీసు ఇవ్వాలి. శిక్షణ ఖర్చు మీద బాండ్ ఉంటే అది అదనం.

హైదరాబాద్ బేసే వచ్చిందనుకుందాం. అప్పుడైనా జడ్చర్ల నుంచి పోయి రావచ్చా? దీని గురించి నాకు నిజంగా భయం ఉంది. మన వాళ్ళు రోజూ మహబూబ్‌నగర్ నుంచి, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కి ఉద్యోగాలకి పోయివస్తుంటారు కాబట్టి ఇది పెద్ద విషయంగా అనిపించదు. కానీ ఉదయం ఐదున్నర విమానానికి పైలట్ నాలుగున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ గంటన్నర. అంటే రెండింటికి లేచి, మూడు లోపే బయల్దేరాలి. నల్లగొండ వాళ్ళైతే నార్కట్‌పల్లి మీదుగా వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి తిరిగి రావాలి. గద్వాల, మిర్యాలగూడ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నాలుగు సార్లు లేపాలి, నాలుగు సార్లు దింపాలి. స్టాండ్‌బై రోజైతే కంపెనీ పిలిచాక గంట, గంటన్నరలో ఎయిర్‌పోర్టులో ఉండాల్సి వస్తుంది. ఇంటి నుంచి బేస్‌కి చేసే ప్రయాణం డ్యూటీ గంటల్లో లెక్కకి రాదు. ఆ అలసట ఏ కాగితంలోనూ కనిపించదు, ఒంట్లో మాత్రం ఉంటుంది. ఇల్లు బేస్‌కి గంటన్నరకన్నా దూరమైతే దగ్గర్లో తాత్కాలికంగా బస చూసుకోవడం గురించి సిబ్బంది ఆలోచించాలని యూరప్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది.

2009 ఫిబ్రవరి 12 రాత్రి అమెరికాలో కోల్గన్ ఎయిర్ విమానం ఒకటి బఫెలో దగ్గర కూలి, నేల మీదున్న ఒకరితో కలిపి యాభై మంది చనిపోయారు. కో-పైలట్ బేస్ నెవార్క్. ఆమె ఉండేది దేశానికి అవతలి కొసన సియాటెల్ దగ్గర. ముందు రోజు రాత్రంతా సరుకు విమానాల్లో మధ్యలో ఒకటి మారుతూ నెవార్క్ చేరింది. కెప్టెన్ కూడా దూరం నుంచి వచ్చేవాడే, బేస్‌లో అతనికి గది లేదు. ప్రమాదానికి అసలు కారణం వేగం పడిపోయినప్పుడు కెప్టెన్ తప్పుగా స్పందించడమేనని దర్యాప్తు తేల్చింది. అయితే ఇద్దరూ అలసిపోయి ఉన్నారని, అది వాళ్ళ పనితీరు మీద ప్రభావం చూపి ఉండొచ్చని కూడా రాసింది. ఆ తర్వాతే అమెరికాలో పైలట్ల విశ్రాంతి నిబంధనలు కొత్తగా రాశారు. బేస్ దూరమైతే ఇల్లు దూరమవుతుంది. బేస్ సగం దూరంలో ఉంటే నిద్ర పోతుంది. రెండోది నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. అందుకే శంషాబాద్ వచ్చినా సరే, ఎయిర్‌పోర్టుకి అరగంటలోపు గది తీసుకోమనే చెప్తాను.

మన జిల్లాలోనే ఎయిర్‌పోర్టు వస్తే తీరుతుందా అని కూడా కొందరు అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించిన ఆరు ఎయిర్‌పోర్టుల్లో మహబూబ్‌నగర్ వైపు దేవరకద్ర కూడా ఉంది. అది కట్టినా అక్కడ బేస్ రాదు. బేస్ రావాలంటే రాత్రి విమానాలు ఆగాలి, మరమ్మతు చేసేవాళ్ళు ఉండాలి, పొద్దున్నే పది ఊళ్ళకి పోయే జనం ఉండాలి.

మా పిల్ల ఇప్పుడు కలకత్తా ఎయిర్‌పోర్టు దగ్గర చినార్ పార్క్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఫ్లాట్‌లో ఉంటోంది. రిలీజ్ అయిన రోజే బదిలీ దరఖాస్తు పెట్టింది. పోయిన నెల రోస్టర్లో ఆమెకి హైదరాబాద్‌లో ఒక నైట్ హాల్ట్ పడింది. హైదరాబాద్ ఆమె బేస్ కాదు కాబట్టి, ఇల్లు గంట దూరంలో ఉన్నా కంపెనీ శంషాబాద్‌లో హోటల్ గది ఇచ్చింది. అక్క సాయంత్రం జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు కట్టుకొని బస్సెక్కి పోయింది. హోటల్ కింద సోఫాలో ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల రెండు రొట్టెలు తిని, తెల్లారి నాలుగింటికి బండి వస్తదమ్మా అని ఎనిమిదిన్నరకే పైకి పోయింది. అక్క ఖాళీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకొని జడ్చర్ల బస్సు కోసం రోడ్డు మీదికొచ్చి, నాకు ఫోన్ చేసింది. “దరఖాస్తుల ఎన్నో నంబరున్నదో చూసి చెప్తనన్నది. ఇరవై మూడట.”